ఆడవెన్ని, మగవెన్ని? తొందరపడి చెప్పకండి!

రంగు చేపలు పెంచడం ఇప్పుడు పట్నంవాళ్ళకే పరిమితమైన సరదా కాదు. సోమల లాంటి మండల కేంద్రంలో చదివే విద్యార్థి కూడా మదనపల్లెకో పుంగనూరుకో వెళ్ళినప్పుడు "అన్నా, ఒక జత ఇయ్యన్నా" అని అడిగి, నీళ్ళు నింపి రబ్బరు బ్యాండు చుట్టిన ప్లాస్టిక్ సంచిలో రెండు గప్పీ చేపలు తెచ్చుకోగలడు. పెద్ద గాజు తొట్టి కూడా అక్కర్లేదు. వెడల్పు మూతి ఉన్న సీసా, నాలుగు నీటి మొక్కలు ఉంటే మొదలుపెట్టవచ్చు. మన వైపు బోరు నీళ్ళు కాస్త చప్పగా, ఉప్పగా ఉన్నా గప్పీలు తట్టుకుంటాయి.

నెల తిరిగేసరికి సీసాలో సన్నని పిల్లలు కనబడతాయి. ఇరవై ఉండవచ్చు, నలభై ఉండవచ్చు. వెంటనే ఇంట్లోవాళ్ళు, పక్కింటివాళ్ళు, తోటి పిల్లలు అందరూ అడిగే మొదటి ప్రశ్న ఒకటే. "ఆడవెన్ని? మగవెన్ని?"

ఈ ప్రశ్నకు చాలామంది చటుక్కున జవాబు చెప్పేస్తారు. పెద్దవి ఆడవి, చిన్నవి మగవి అంటారు. రంగున్నవి మగవి, లేనివి ఆడవి అంటారు. చురుగ్గా తిరిగేవి మగవని మరొకరు తేలుస్తారు. పుట్టి వారమైనా కాని పిల్లల విషయంలో ఈ జవాబులేవీ పనికిరావు. ఆ వయసులో సరైన జవాబు "ఇంకా తెలియదు" అన్నది మాత్రమే. ఆ జవాబు చెప్పడానికి సిగ్గుపడనక్కర్లేదని, దాన్ని నోటు పుస్తకంలో రాసుకోవడం నేర్చుకున్నవారికే చేపల గురించి నిజం తెలుస్తుందని నా అభిప్రాయం. ఎందుకో చెబుతాను.

గప్పీ శరీరంలో ఏం జరుగుతుంది?

గప్పీ దక్షిణ అమెరికా ఉత్తర తీరానికీ, దాని పక్కనున్న ట్రినిడాడ్ దీవికీ చెందిన చేప. గుడ్లు పెట్టదు, పిల్లల్ని కంటుంది. పుట్టిన పిల్ల పొడవు సుమారు 6 లేక 7 మిల్లీమీటర్లు. అంటే ఒక బియ్యపు గింజంత. అన్నీ ఒకే బూడిద రంగులో, ఒకే ఆకారంలో ఉంటాయి.

చేప రెక్కలను జీవశాస్త్ర పుస్తకాల్లో వాజాలు అంటారు. పొట్ట అడుగున, మలద్వారానికి వెనుక ఉండే వాజాన్ని పాయు వాజం అంటారు. మనం చూడవలసింది దీన్నే. పిల్లలన్నిటికీ మొదట ఈ వాజం చిన్న విసనకర్రలా ఉంటుంది. ఆడ చేపకు చివరిదాకా అలాగే ఉండిపోతుంది. మగ చేపకు మాత్రం కొన్ని వారాల తరువాత అందులోని మూడు, నాలుగు, ఐదు ముళ్ళు పొడవుగా సాగి, వాజమంతా సన్నని పుల్లలా మారుతుంది. దీని పేరు గోనోపోడియం. వీర్యాన్ని ఆడ చేప శరీరంలోకి పంపే అవయవం ఇదే. వెచ్చని నీటిలో, మంచి తిండి తింటే సుమారు నాలుగు వారాల నుంచి ఈ మార్పు మొదలవుతుంది. పూర్తయ్యేసరికి మరికొన్ని వారాలు పడుతుంది.

ఆడ చేపకు ఉండే గుర్తు వేరు. పొట్ట వెనుక భాగంలో, పాయు వాజానికి కాస్త పైన, ఒక నల్లని మచ్చ కనబడుతుంది. దీన్ని గర్భపు మచ్చ అంటారు. అనుభవమున్న పెంపకందార్లు భూతద్దంతో ఈ మచ్చను చూసి రెండు మూడు వారాల వయసులోనే కొన్ని ఆడవాటిని వేరు చేయగలరు. అయితే అన్ని రకాల గప్పీల్లోనూ ఈ మచ్చ ఒకేలా కనబడదు. ఒంట్లో నల్ల రంగు లేని తెల్ల గప్పీల్లో అసలు నల్లగానే ఉండదు. కాబట్టి మచ్చ ఉంటే ఆడది అనుకోవచ్చు. మచ్చ కనబడలేదు గనుక మగది అనుకోకూడదు. ఈ రెండు మాటలకూ తేడా ఉంది. లెక్కల్లో మీరు నేర్చుకునే తర్కం ఇక్కడ పనికొస్తుంది.

ఇక్కడ మన ప్రాంతానికి సంబంధించిన సంగతి ఒకటి ఉంది. మదనపల్లె వైపు ఎత్తయిన ప్రదేశం. చలికాలం రాత్రులు బాగా చల్లబడతాయి. బయట పెట్టిన సీసాలో నీరు చల్లబడితే చేప పెరుగుదల మందగిస్తుంది. వేసవిలో నాలుగు వారాలకు కనబడే గుర్తు, డిసెంబరులో ఆరు వారాలైనా కనబడకపోవచ్చు. పుస్తకంలో నాలుగు వారాలని ఉంది కదా అని ఆ రోజున తేల్చేయడం కూడా తప్పే. చూడవలసింది క్యాలెండరును కాదు, చేపను.

పరిమాణమూ రంగూ ఎందుకు మోసం చేస్తాయి?

పెద్దయిన గప్పీల్లో ఆడది పెద్దది, మగది చిన్నది. ఇది నిజమే. కానీ ఎందుకు? మగ చేప పెద్దదయ్యాక, అంటే సంతానం కలిగించే దశకు వచ్చాక, దాని పెరుగుదల దాదాపు ఆగిపోతుంది. ఆడది ఆ తరువాత కూడా పెరుగుతూనే ఉంటుంది. అంటే ఈ తేడా పెద్దయ్యాక వచ్చేదే. మూడు వారాల పిల్లల్లో ఒకటి పెద్దదిగా ఉందంటే అది ఎక్కువ తిండి తిన్నదని మాత్రమే అర్థం కావచ్చు. తిండి వేసే చోటికి ముందుగా చేరేది త్వరగా పెరుగుతుంది. అది ఆడది కావచ్చు, మగది కావచ్చు.

రంగు సంగతి ఇంకా చిత్రమైనది. గప్పీ మగవాటికి నారింజ, నలుపు, నీలం మచ్చలుంటాయి. ఇవి వయసుతో పాటు మెల్లగా వస్తాయి. ఒకే ఈతలో పుట్టిన రెండు మగ చేపల్లో ఒకదానికి ముందు, మరొకదానికి వెనుక రావచ్చు. ఎంత రంగు వస్తుందన్నది కూడా అన్నిటికీ ఒకటి కాదు. శాస్త్రవేత్త జాన్ ఎండ్లర్ ట్రినిడాడ్ వాగుల్లో గప్పీలను పరిశీలించి 1980లో తన ఫలితాలు ప్రకటించాడు. గప్పీలను తినే పెద్ద చేపలున్న చోట మగవాటికి రంగులు తక్కువ. ఆ శత్రువులు లేని చోట రంగులు ఎక్కువ. కొన్నిటిని శత్రువులు లేని చోటికి మారిస్తే కొద్ది తరాల్లోనే వాటి సంతానం రంగులీనింది. అంటే రంగు కేవలం మగతనానికి గుర్తు కాదు. ఆ చేప వంశం ఏ నీటిలో బతికిందో కూడా అది చెబుతుంది. మగ హార్మోనును నీటిలోనో తిండిలోనో కలిపితే ఆడ గప్పీకి కూడా రంగు వస్తుంది. రంగే సాక్ష్యమనుకున్నవాడు అలాంటి చేపను చూసి మోసపోతాడు.

ఆగి చూడడం మన రైతులకు కొత్త కాదు. నాటు బొప్పాయి మొక్కల్లో ఏది ఆడదో, ఏది మగదో పూత వచ్చేదాకా తెలియదు. అందుకే ఒక్కో గుంతలో రెండు మూడు మొక్కలు నాటి, పూత చూశాక ఎక్కువైన మగ మొక్కలను పీకేవారు. నాటిన నాడే ఆకుల్ని చూసి పీకేసే రైతు ఎవరూ ఉండడు. పలమనేరు, కుప్పం, మదనపల్లె వైపు పట్టుపురుగులు పెంచే ఇళ్ళ పిల్లలకు మరో ఉదాహరణ చెప్పవచ్చు. పట్టుపురుగు గుడ్లు తయారుచేసే కేంద్రాల్లో ఆడ, మగ వేరు చేసేటప్పుడు గూడు లోపలి ప్యూపాను తీసి చూస్తారు. దాని పొట్ట చివరి భాగంలో, ఆడదానికి గుణకారపు గుర్తులాంటి గీత, మగదానికి చిన్న చుక్క ఉంటాయి. ఒంటి బరువును బట్టి అంచనా వేసినా, నమ్మదగిన సాక్ష్యం ఆ గుర్తే. చేపల విషయంలో కూడా ఇదే పద్ధతి. ఏ భాగంలో ఏ గుర్తు వస్తుందో తెలుసుకోవాలి, అది వచ్చేదాకా ఆగాలి.

చేపకే తెలియని రోజులు

గప్పీ పిల్ల విషయంలో మనకు కనబడకపోయినా లోపల సంగతి చాలావరకు ముందే నిర్ణయమైపోయి ఉంటుంది. మనుషుల్లో లాగే గప్పీలోనూ ఎక్స్, వై అనే క్రోమోసోములున్నాయి. పిల్ల ఆడదా, మగదా అన్నది తండ్రి నుంచి వచ్చే క్రోమోసోమును బట్టి ఉంటుంది. (ఆడపిల్ల పుట్టిందని తల్లిని ఆడిపోసుకునే పెద్దలెవరైనా ఉంటే వాళ్ళకు ఈ చిన్న చేపను చూపించండి.)

అయితే అన్ని చేపలూ ఇలా ఉండవు. ఒంటిపై నీలి చారలుండే జీబ్రా చేపను మీరు దుకాణాల్లో చూసే ఉంటారు. ఇది మన దేశపు చేపే. ఫ్రాన్సిస్ హామిల్టన్ గంగా నది ప్రాంతపు చేపలపై 1822లో వెలువరించిన పుస్తకంలో దీన్ని వర్ణించాడు. నేడు ప్రపంచమంతటా పరిశోధనశాలల్లో దీన్ని పెంచుతున్నారు. హైదరాబాదులోని సి.సి.ఎం.బి. లోనూ దీనిపై పరిశోధనలు జరుగుతున్నాయి. పరిశోధనశాలల్లో పెంచే జీబ్రా చేప పిల్లలన్నిటికీ మొదట్లో అండాశయం లాంటి అవయవమే ఏర్పడుతుంది. సుమారు మూడు నాలుగు వారాల వయసులో కొన్నిటిలో అది కరిగి వృషణంగా మారుతుంది. అవి మగవవుతాయి. మిగిలినవి ఆడవిగా పెరుగుతాయి. పిల్లలు పెరిగే నీరు మరీ వేడిగా ఉంటే మగవాటి సంఖ్య పెరుగుతుంది. రెండు వారాల జీబ్రా పిల్లను పట్టుకుని ఇది మగదని చెప్పినవాడు, ఆ చేప శరీరం ఇంకా తేల్చుకోని సంగతిని తాను తేల్చినట్లు!

సముద్రపు పగడపు దిబ్బల్లో ఉండే క్లౌన్ చేప మరీ విడ్డూరం. దాని గుంపులో అన్నిటికంటే పెద్దది ఆడది. అది చనిపోతే, తరువాతి స్థానంలో ఉన్న మగది ఆడదిగా మారుతుంది. ఈ సంగతిని 1977లో శాస్త్రవేత్తలు ప్రకటించారు.

మిగతా అక్వేరియం చేపల సంగతి కూడా ఒక్కో దానిది ఒక్కో దారి. ఫైటర్ చేప పిల్లల్లో రెండు మూడు నెలలు దాటితే గాని మగవాటి వాజాలు పొడవుగా సాగవు. బంగారు చేపల్లో మొదటి సంవత్సరమంతా చెప్పడం కష్టం. ఈడొచ్చాక, జతకట్టే కాలంలో, మగవాటి మొప్పల మూతలపై తెల్లని చిన్న పొక్కులు వస్తాయి. దాన్ని చూసి జబ్బు అనుకుని మందు వేసేవారూ ఉన్నారు. ఏంజెల్ చేపల్లో అయితే గుడ్లు పెట్టే రోజున చూస్తేనే నమ్మకంగా తెలుస్తుంది. గప్పీకి నేర్చుకున్న సూత్రాన్ని బంగారు చేపకు అతికించడం కుదరదు.

తప్పు జవాబుకు మూల్యం ఎవరు చెల్లిస్తారు?

"సరదాకు పెంచుకునే చేపలకు ఇంత విచారణ ఎందుకు? తప్పు చెబితే మునిగిపోయేదేముంది?" అని మీరు అడగవచ్చు. మునిగిపోయేది ఉంది.

మొదటిది, రంగులేని పిల్లల్ని ఆడవనుకుని, ఆడవి అందంగా ఉండవనుకుని పారేసేవారున్నారు. అలా పారేసిన వాటిలో ఇంకా రంగు రాని మగవీ ఉంటాయి, ఏ తప్పూ లేని ఆడవీ ఉంటాయి. ప్రాణమున్న దాన్ని ఒక అంచనా మీద పారేయడం సరికాదు.

రెండవది మరింత పెద్దది. ఆడవీ మగవీ సకాలంలో వేరు చేయకపోతే చేపలు అడ్డూ అదుపూ లేకుండా పెరుగుతాయి. ఆడ గప్పీ సుమారు నెలకొకసారి ఈనుతుంది. అంతేకాదు, ఒకసారి జతకట్టిన ఆడ చేప ఆ వీర్యాన్ని కొన్ని నెలల పాటు తన ఒంట్లో దాచుకోగలదు. మగ చేప ఒక్కటీ లేని సీసాలో కూడా ఈత తరువాత ఈత పిల్లలు పుడుతూనే ఉంటాయి. "నా దగ్గర అన్నీ ఆడవే, ఇక పిల్లలు పుట్టవు" అన్న ధీమా అందుకే చెల్లదు. సీసా నిండిపోతుంది. నీళ్ళు కంపు కొడతాయి. అప్పుడు ఏం చేస్తారు? పాపం ఎందుకు చంపడం అని ఊరి చెరువులో వదిలేస్తారు.

అక్కడే చిక్కు మొదలవుతుంది. సోమల, పుంగనూరు చుట్టుపక్కల పల్లెలకు చెరువే ఆధారం. మన రాయలసీమలో చాలా చెరువులు గొలుసుకట్టు చెరువులు. మంచి వాన పడి పై చెరువు మొరవ పారితే ఆ నీరు కింది చెరువుకు చేరుతుంది. నీటితో పాటు చేపలూ చేరతాయి. ఒక చెరువులో వదిలిన చేపను ఒక చెరువులోనే వదిలామనుకోవడం పొరపాటు. వాటిలో ఎప్పటినుంచో బతుకుతున్న పరిగెలు, జెల్లలు, కప్పపిల్లలు ఉన్నాయి. కొత్తగా వచ్చిన చేప వాటి తిండిని పంచుకుంటుంది, వాటి గుడ్లనూ పిల్లల్నీ తినవచ్చు.

ఇది ఊహ కాదు. మొజాంబిక్ తిలాపియా అనే చేపను 1952లో మన దేశానికి తెచ్చారు. గుడ్లను, పిల్లలను నోట్లో పెట్టుకుని కాపాడే ఈ చేప అనేక రాష్ట్రాల చెరువుల్లో విపరీతంగా పెరిగింది. ఎక్కువైనకొద్దీ తిండి చాలక గిడసబారి, తినడానికీ అమ్మడానికీ పనికిరాకుండా పోయింది. తిలాపియా పెంచే రైతులు అందుకే ఇప్పుడు మగవాటినే పెంచాలని చూస్తారు. మగవి త్వరగా పెరుగుతాయి, పైగా పిల్లల బెడద ఉండదు. చాలా దేశాల్లో ఒకప్పుడు ఒక్కో పిల్లను చేత్తో పట్టుకుని, మలద్వారం దగ్గరి రంధ్రాలను చూసి ఆడ, మగ వేరు చేసేవారు. అలసిన కళ్ళు నాలుగు ఆడవాటిని మగవనుకుంటే చాలు, చెరువంతా పిల్లలే. మేలు రకం తిలాపియా పిల్లల కోసం విజయవాడ దగ్గరి మణికొండలో రాజీవ్ గాంధీ జలచరాల పెంపక కేంద్రం పనిచేస్తోంది. ఆడా మగా పోల్చుకోవడం ఎంత బరువైన పనో ఆ రైతులనడిగితే చెబుతారు.

"మరి ప్రభుత్వమే దోమల కోసం చెరువుల్లో, గుంటల్లో చేపలు వదులుతోంది కదా? మేము వదిలితే తప్పేమిటి?" ఇది మంచి ప్రశ్న. గప్పీకి దగ్గరి చుట్టమైన గంబూసియాను దోమల కోసం 1928లో ఇటలీ నుంచి మన దేశానికి తెచ్చారు. ఆంధ్రప్రదేశ్‌లో 2023లో సుమారు కోటి గంబూసియా చేపలను నీటి వనరుల్లో వదిలినట్లు పత్రికల్లో వచ్చింది. కుప్పానికి పొరుగునే ఉన్న కోలారు జిల్లాలో పరిశోధకులు పల్లెల బావుల్లో గప్పీలు వదిలి, మలేరియా దోమలపై వాటి ప్రభావాన్ని గమనించి 2005లో ఫలితాలు ప్రకటించారు. బావుల్లో దోమ పిల్లలను అవి బాగా అదుపు చేశాయి. ఈ మేలును కాదనను. కానీ గట్లు కట్టిన బావి వేరు, వాగుతో కలిసే చెరువు వేరు. అదే గంబూసియా ప్రపంచంలో అత్యంత హాని చేసే 100 పరాయి జీవుల జాబితాలోనూ ఉంది. ఆ జాబితాలో మొజాంబిక్ తిలాపియా పేరు కూడా ఉంది. నుదుటిపై వెండి చుక్కతో నీటి పైపొరలో తిరిగే ఆప్లోకీలస్ జాతి చేపలు మన దేశానివే, అవీ దోమ పిల్లలను తింటాయి. చెరువులో ఏది వదలాలో తేల్చడం అన్నీ లెక్కచూసి చేయవలసిన పని. సీసా నిండిందని చేసే పని కాదు.

నిజంగా దోమలను తగ్గించాలనుకుంటే మీ బడిలోని సిమెంటు తొట్టిలో మగ గప్పీలను మాత్రమే వదలండి. మగవి ఆడవాటికంటే తక్కువ తింటాయి, నిజమే. కానీ అవి పెరిగి పెరిగి మరో చోటికి పాకవు. అయితే మగవి అని మీరు నూటికి నూరుపాళ్ళు తేల్చుకున్నవై ఉండాలి. చూశారా, మళ్ళీ మొదటి ప్రశ్నకే వచ్చాం.

తెలియదన్న మాటకు మార్కులు

పరీక్షలో "తెలియదు" అని రాస్తే సున్నా వస్తుంది. అందుకే కాబోలు, మనకు తెలియదన్న మాటంటే భయం. గుడ్డిగానైనా ఏదో ఒకటి రాయమని పెద్దలే చెబుతారు. పరీక్ష కాగితంలో ఆ ఎత్తు పనిచేయవచ్చు. ప్రయోగశాలలో పనిచేయదు. "ఇంకా తెలియదు" అని తేదీ వేసి రాసినవాడు మరుసటి వారం మళ్ళీ చూస్తాడు. తెలిసిపోయిందనుకున్నవాడు ఇక చూడడు. రెండూ ఒకే సీసా ముందు కూర్చున్న ఇద్దరి సంగతులే అయినా, ఒకరే నేర్చుకుంటారు.

ఈ చిన్న గప్పీ విజ్ఞానశాస్త్రానికి చేసిన మేలు అలా చూసినవారి వల్లనే జరిగింది. డెన్మార్క్ శాస్త్రవేత్త యోహానెస్ ష్మిట్, కొన్ని గప్పీల వీపు వాజం మీద ఉండే నల్ల మచ్చ తండ్రి నుంచి కొడుకులకు మాత్రమే వస్తోందని 1920లో ప్రకటించాడు. కూతుళ్ళకు రాలేదు, కూతుళ్ళ కొడుకులకూ రాలేదు. అదే దేశానికి చెందిన వింగే 1922లో ఈ మచ్చను కలిగించే జన్యువు వై క్రోమోసోము మీద ఉందని వివరించాడు. వంశపారంపర్యపు చరిత్రలో ఇది పెద్ద ముందడుగు. ఇప్పుడు ఆలోచించండి. ప్రతి ఈతలోని పిల్లలన్నీ పెద్దవయ్యేదాకా ఆగి, ప్రతిదాన్నీ చూసి లెక్క వేయకపోతే ఈ సంగతి బయటపడేదా? రంగు రాలేదు కదా అని సగం పిల్లలను ముందే పారేసి ఉంటే?

"అనుభవమున్నవారు ముందే చెప్పగలరు కదా, మేమెందుకు ఆగాలి?" అని ఇంకో ఆక్షేపణ. చెప్పగలరు, నేనే పైన రాశాను. కానీ వారు చెప్పేది గుర్తును చూసి. ఆ గుర్తును గుర్తుపట్టడం వారికి ఎలా వచ్చింది? వేలాది పిల్లలను చిన్నప్పుడూ పెద్దయ్యాకా చూసి, తమ అంచనాను సరిచూసుకోవడం వల్ల వచ్చింది. మీకూ అలాగే వస్తుంది. వారు చెప్పిన జవాబును అరువు తెచ్చుకోవడం కంటే వారి పద్ధతిని తెచ్చుకోవడం మేలు.

ఇలా చేసి చూడండి

ఇదేమంత ఖర్చయ్యే పని కాదు. ఒక నోటు పుస్తకం, భూతద్దం, సన్నని గాజు సీసా చాలు. చేపను చేత్తో పట్టుకోకండి. పిల్లలను నెమ్మదిగా ఒక గ్లాసుతో నీటితో పాటు తీసి సన్నని సీసాలోకి మార్చండి. వెనుక నుంచి వెలుతురు పడేలా కిటికీ దగ్గర పెట్టి, పక్క నుంచి చూడండి. పాయు వాజం ఆకారం, గర్భపు మచ్చ, ఈ రెండిటినే గమనించండి. రెండు మూడు నిమిషాల్లో తిరిగి పెద్ద సీసాలో వదిలేయండి.

నోటు పుస్తకంలో మూడు గడులు గీయండి. ఆడ, మగ, ఇంకా తెలియదు. వారానికొకసారి, ఒకే రోజున, లెక్క రాయండి. నీటి వేడి కొలవడానికి థర్మామీటరు ఉంటే అదీ రాయండి. మొదటి వారాల్లో మూడో గడి నిండుగా, మిగతా రెండూ ఖాళీగా ఉంటాయి. అది మీ అసమర్థత కాదు, ఆ వారపు సత్యం. వాజం సన్నబడడం మొదలైందని గట్టిగా తెలిసిన పిల్లను వెంటనే వేరే సీసాలోకి మార్చండి. ఇంకా తెలియని వాటిని మగవాటితోనూ, ఈడొచ్చిన ఆడవాటితోనూ కలపకుండా ప్రత్యేకంగా ఉంచండి.

పన్నెండు వారాలయ్యేసరికి మూడో గడి దాదాపు ఖాళీ అవుతుంది. అప్పుడు ఆడ, మగ సమానంగా లేవని కంగారుపడకండి. ఒక రూపాయి బిళ్ళను ఇరవైసార్లు ఎగరేస్తే ప్రతిసారీ పది బొమ్మలు, పది బొరుసులు పడవు. ఆరు నుంచి పద్నాలుగు దాకా ఎన్ని బొమ్మలు పడినా మామూలే. నూటికి సుమారు 95 సార్లు అలాగే జరుగుతుంది. ఇరవై పిల్లల్లో పదమూడు ఆడవి, ఏడు మగవి ఉంటే నీళ్ళలో ఏదో మహిమ ఉందని చెప్పడానికి వీల్లేదు. నాలుగైదు ఈతల లెక్కలు కలిపి చూడండి. సోమలలో ఒకరు, పుంగనూరులో ఒకరు, కుప్పంలో ఒకరు లెక్కలు పంచుకుంటే ఇంకా మంచిది. మిగిలిన చేపలను స్నేహితులకు ఇవ్వండి, లేదా దుకాణంలో తిరిగి తీసుకుంటారేమో అడగండి. చెరువులో మాత్రం వదలకండి.

చివరగా ఒక చిన్న పని. మొదటి వారంలోనే పుస్తకం చివరి పేజీలో, పెన్సిలుతో, ఆడవెన్నో మగవెన్నో మీ ఊహ రాసి పెట్టండి. మీ అన్నయ్యనో, అమ్మనో, లెక్కల మాస్టారునో కూడా అడిగి వాళ్ళ ఊహలూ రాయండి. పన్నెండో వారం లెక్క పూర్తయ్యాక ఆ పేజీ తెరిచి చూడండి. ఎవరి ఊహ ఎంత దూరంలో ఉందో లెక్క వేయండి. ఒకవేళ ఎవరి ఊహైనా సరిగ్గా కుదిరితే, అది గుర్తును చూసి చెప్పిందా, అదాటున తగిలిందా అని అడగండి.